తడి తగలగానే గంట మోగుతుంది
బుద్ధిమాంద్యం గల పిల్లలకూ మరుగుదొడ్డి అలవాటు

పదేళ్లు నిండినా ఒంటికి, రెంటికి చెప్పలేని బిడ్డ ఉంటే తల్లి కూలికి వెళ్లలేదు. బడిలో చేర్చుకోవడానికి వెనకాడతారు. పెళ్లికి తీసుకువెళ్లాలన్నా మొహమాటమే. "వాడింతే, ఏం చేస్తాం" అని వదిలేసే ఇళ్లు ఎన్నో. కాని ఇలాంటి వారిలో చాలామందికి ఈ అలవాటు నేర్పవచ్చని తేలి 50 ఏళ్లు దాటింది.

అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో ఎజ్రిన్, ఫాక్స్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు తీవ్రమైన బుద్ధిమాంద్యంతో ఆసుపత్రిలోనే ఉంటున్న 9 మంది పెద్దవారికి దీనిని నేర్పి, ఆ పద్ధతిని 1971లో ప్రకటించారు. బట్టలు తడపడం దాదాపు 90 శాతం తగ్గింది. వారు వాడిన పరికరం చిన్నదే. లోపలి లాగుకు రెండు లోహపు గుండీలు, వాటికి తీగలు, ఒక బ్యాటరీ, ఒక గంట. మూత్రంలో ఉప్పు ఉంటుంది గనుక దాని గుండా కరెంటు పారుతుంది. గుండీల మధ్య తడి చేరగానే గంట మోగుతుంది. బ్యాటరీ చిన్నది గనుక షాక్ కొట్టదు. మరుగుదొడ్డి గిన్నెలోనూ ఇలాంటిదే అమర్చారు. అక్కడ మోగితే మెచ్చుకోలు, తినడానికి ఏదైనా.

అరగంట తరువాత తడిసిన లాగు చూసి కేకలేస్తే ఎందుకో బిడ్డకు అర్థం కాదు. పోస్తుండగానే గంట మోగి, వెంటనే దొడ్లోకి తీసుకువెళితే సంగతి క్రమంగా బోధపడుతుంది. గంట చేసే మేలు ఇదే. తీసుకువెళ్లే మనిషి లేకపోతే గంట ఉన్నా దండగే. ఆనాడు తడిపినవారిని మందలించి, వారి చేతే కడిగించేవారు. ఇప్పుడు నిపుణులు శిక్షలు వద్దంటున్నారు; అదే న్యాయం. శబ్దానికి బెదిరే పిల్లల కోసం మోగకుండా అదిరే పరికరాలు వచ్చాయి.

గంట కొనలేనివారు దిగులుపడనక్కర లేదు. బిడ్డ ఏయే వేళల్లో తడుపుతున్నదీ నాలుగైదు రోజులు కాగితం మీద రాసుకోవాలి. ఆ వేళలకు కాస్త ముందుగా సెల్‌ఫోనులో అలారం పెట్టుకుని, మోగగానే తీసుకువెళ్లాలి. గొంతుక్కూర్చోలేని బిడ్డకు నడుమ రంధ్రం చేసిన కుర్చీ, గోడకు పట్టుకునే కమ్మీ ఉంటే భయం పోతుంది. మలబద్ధకం, మూత్రంలో మంట ఉంటే ముందు డాక్టరుకు చూపించాలి.

ఇలాంటి పిల్లల కోసం కేంద్ర ప్రభుత్వం 1984లో సికిందరాబాదు మనోవికాస్ నగర్‌లో జాతీయ సంస్థను నెలకొల్పింది. అక్కడికి వెళ్లేవారు వేళలు రాసుకున్న కాగితం కూడా వెంట తీసుకువెళ్లడం మంచిది.