‘శక్తి’ వాద్యబృందము



మన ఆదోని ప్రాంతమున తెలుగు, కన్నడము, ఉర్దూ మూడును ఒకే వీథిలో వినబడును. కోవెలలో కీర్తనయు, దర్గాయొద్ద ఖవ్వాలియు మనకు వింతలు కావు. అట్టి మనమే, పిల్లవాడొకడు భజనమందిరమునకు క్రొత్త వాద్యమును దెచ్చినచో కనుబొమలు ముడిచెదము. ఈ తప్పు నేనును జేసితిని. చాలకాలము క్రిందట మా భజనలో గిటారు వాయింతునని ఒక యువకుడు వేడుకొనగా, “ఇది దొరల వాద్యము, దేవుని సన్నిధిని పనికిరాదు” అని పంపివేసితిని. అతడు మరల రాలేదు. నా తీర్పు న్యాయమేనా యని విచారించుటకే నేడు ‘శక్తి’ యను వాద్యబృందము చరిత్రమును మీకు విన్నవించుచున్నాను.

జాన్ మెక్లాఫ్లిన్ అను నతడు 1942 లో ఇంగ్లండున జన్మించెను. గిటారు వాద్యమున మేటి. 1971 లో ‘మహావిష్ణు ఆర్కెస్ట్రా’ యను పేర, మిన్నుముట్టు విద్యుద్వాద్యఘోషగల బృందమును స్థాపించి కీర్తిగాంచెను. అయినను అంతటితో తృప్తినొందక, అమెరికాలోని వెస్లియన్ విశ్వవిద్యాలయమున డాక్టరు ఎస్. రామనాథన్ గారియొద్ద శిష్యుడై వీణ నభ్యసించెను. పిమ్మట తబలా విద్వాంసుడు జాకిర్ హుస్సేను, ఫిడేలు విద్వాంసుడు ఎల్. శంకర్, ఘటవిద్వాంసుడు విక్కు వినాయకరామ్ గారలతో గూడి ‘శక్తి’ని నెలకొల్పెను. 1975 జూలైలో న్యూయార్కు రాష్ట్రమునందలి యొక కళాశాలలో వారు చేసిన కచేరీయే మొదటి గ్రామఫోను పలకగా 1976 లో వెలువడెను.

ఇందలి ప్రయోగ మెట్టిది? పాశ్చాత్యులు పెక్కుస్వరముల నొక్కమారు మ్రోగించి యింపు గూర్తురు. మనవారు ఒక్కొక్క స్వరమును గమకముతో నడిపి రాగభావమును జూపుదురు. గిటారుమెట్ల నడుమ పలక సమముగా నుండుటచే తంతిని లోనికి నొక్కి గమకము పలికించుట కష్టము. కావున మెక్లాఫ్లిన్ మెట్ల నడుమ కొయ్యను గుంటలుగా తొలిపించెను. క్రింద అనుధ్వని నిచ్చు తంతుల నమర్పించెను. వాద్యమును రాగమునకు లోబఱచెనే కాని, రాగమును వాద్యమునకు లోబఱుపలేదు. ఉత్తరాది తబలాకును దక్షిణాది ఘటమునకును తాళమే సంధి కూర్చెను.

ఎమ్మిగనూరి మగ్గములను జూచిన మీకు దీని మర్మము సులభముగా బోధపడును. పడుగు బిగువుగా నుండినగాని, పేకలో నెన్ని రంగులు వేసినను బట్ట నిలువదు. వీరికి పడుగు రాగతాళములు. పేక నలుగురి మనోధర్మము.

1977 నాటికి మూడు పలకలు వెలువడెను. విద్యుద్వాద్యములకు మరగిన శ్రోతలలో పలువురు ఈ క్రొత్తమార్గము ననుసరింపలేదు. 1978 లో బృందము విడిపోయెను. కాని బీజము చెడలేదు. 1997 లో మెక్లాఫ్లిన్, జాకిర్ హుస్సేను ‘రిమెంబర్ శక్తి’ యను పేర మరల కూడిరి. పిదప వినాయకరామ్ గారి కుమారుడు సెల్వగణేశ్, గాయకుడు శంకర్ మహదేవన్ చేరిరి. వీరిలో మన తెలుగుబిడ్డ యొకడు గలడు. అతడే మాండలిన్ శ్రీనివాస్.

ఉప్పలపు శ్రీనివాస్ 1969 లో పాలకొల్లున జన్మించెను. తండ్రి సత్యనారాయణగారు క్లారినెట్టు వాద్యకులు. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండలిన్ వాయించుట రాదు. ఆయన పాడుచుండ, బాలుడు విన్నదానిని వాద్యముపై పలికించెడివాడు. మాండలిన్ ఇటలీదేశపు వాద్యము. దానికి జంటజంటలుగా ఎనిమిది తంతులుండును. శ్రీనివాస్ విద్యున్మాండలినుపై అయిదు ఒంటి తంతులు గట్టి గమకములను సాధించెను. 1978 లో గుడివాడ త్యాగరాజారాధనోత్సవమున తొలికచేరీ చేసినప్పుడు అతని వయస్సు తొమ్మిదేండ్లు! 1998 లో పద్మశ్రీ లభించెను. 2014 సెప్టెంబరు 19 న నలువదియైదవ యేట చెన్నపట్టణమున స్వర్గస్థుడయ్యెను.

అటుపిమ్మట ఫిడేలు విద్వాంసుడు గణేశ్ రాజగోపాలన్ చేరగా, బృందము 2023 లో ‘దిస్ మూమెంట్’ అను సంగీతసంపుటిని వెలువరించెను. దానికి 2024 ఫిబ్రవరిలో అమెరికాదేశపు గ్రామీ బహుమానము వచ్చెను. ఆ యేడు డిసెంబరులోనే జాకిర్ హుస్సేను పరమపదించెను.

ఇపుడు నా తీర్పునకు వత్తము. నాడు నేను గిటారును నిరాకరించినపుడు నా వ్రేళ్లక్రింద నున్నది హార్మోనియము! అదియు ఫ్రాన్సుదేశమున పుట్టినదే. అది గమకమును పలుకజాలదను ఆక్షేపణమున 1940 మొదలు 1971 వఱకు ఆకాశవాణి దానిని దూరముంచినది. ఇక కర్ణాటకసంగీతమునకు ప్రాణసమమైన ఫిడేలును ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు ఐరోపావారినుండి గ్రహించిరి. కావున వాద్యమునకు జన్మదేశము దోషము గాదు.

అట్లని ప్రతి కలగూరగంపయు సంగీతము గాదు. మెక్లాఫ్లిన్ ముందు శిష్యుడై, పిదప ప్రయోగము చేసెను. శ్రీనివాస్ ముందు సంప్రదాయమును జీర్ణించుకొని, పిదప సముద్రములు దాటెను. “ఈ వాద్య మెక్కడిది?” అని గాక, “నాయనా, శ్రుతి కలుపగలవా? తాళము తప్పకుండ నడువగలవా?” అని ఆ యువకుని నేనడుగవలసియుండెను. రానిచో నేర్పవలసియుండెను. ఆ యవకాశము నాకు జాఱిపోయినది. రేపు మీ భజనమందిరపు గడపయొద్ద అట్టి కుఱ్ఱవాడు నిలిచినపుడు, ముందు చాప పఱచి కూర్చుండబెట్టుడు. వినిన పిమ్మట తీర్పు చెప్పుడు.