మీకు తెలుసా? ఎండ పోతుంది, ఎరువు తిరిగొస్తుంది

అడవైనా, చెరువైనా, వరి చేనైనా నడిచేది రెండింటి మీదే: శక్తి, పదార్థం. ఎండగా వచ్చిన శక్తి ప్రాణుల ఒంట్లో ఖర్చయి, వేడిగా మారి వెళ్లిపోతుంది. కర్బనం, నత్రజని, భాస్వరం లాంటివి మాత్రం చేతులు మారుతూ ఈ భూమి మీదే తిరుగుతుంటాయి.

చెట్టుకు అంత బరువెక్కడిది?
చెట్టు మట్టిని తిని పెరుగుతుందని ఒకప్పుడు నమ్మేవారు. 17వ శతాబ్దంలో బ్రసెల్స్‌కు చెందిన వాన్ హెల్మాంట్ 200 పౌండ్ల ఎండు మట్టి తూచి తొట్టిలో పోసి, 5 పౌండ్ల విల్లో మొక్క నాటాడు. ఐదేళ్లపాటు నీళ్లు తప్ప ఇంకేమీ వేయలేదు. చెట్టు 169 పౌండ్లు దాటింది. మట్టి తగ్గింది 2 ఔన్సులే! బరువంతా నీళ్లదేనని ఆయన తేల్చాడు కానీ, గాలి సంగతి ఆయనకు తట్టలేదు. ఎండు కలప బరువులో దాదాపు సగం కర్బనమే. ఆకులు దాన్ని గాలిలోని కార్బన్ డయాక్సైడ్ నుంచి లాక్కుంటాయి. మట్టి ఇచ్చే ఖనిజాలు పిసరంతే అయినా, అవి లేనిదే చెట్టు లేదు.

వెయ్యిలో ఒక్క వంతు
అమెరికాలోని మిన్నెసోటాలో సెడార్ బాగ్ అనే చిన్న సరస్సు ఉంది. రేమండ్ లిండెమన్ అనే యువ శాస్త్రవేత్త దాన్ని కొన్నేళ్లపాటు గాలించి, ఏ జీవికి ఎంత శక్తి అందుతోందో లెక్కగట్టాడు. సరస్సు మీద పడిన ఎండలో నాచు, మొక్కలు ఒడిసిపట్టింది వెయ్యో వంతు. అందులో వాటిని తినే ప్రాణులకు చేరింది సుమారు 13 శాతం. ఆయన రాసిన వ్యాసాన్ని పత్రిక మొదట తిప్పి పంపింది. చివరికి 1942 అక్టోబరులో అచ్చయింది. అప్పటికే, ఆ జూన్‌లోనే, 26 ఏళ్ల లిండెమన్ కన్నుమూశాడు.

గద్దలెందుకు తక్కువ?
బడి పుస్తకాల్లోని 'పది శాతం సూత్రం' ఆ బాటలో వచ్చిందే. వరి ఆకుల్లో 10,000 కేలరీలుంటే వాటిని తిన్న మిడతల ఒంటికి పట్టేది సుమారు 1,000. కప్పలకు 100, పాములకు 10, గద్దకు ఒకటి. మిగిలిందంతా ఊపిరికి, పరుగుకు, పెంటకు పోతుంది. అందుకే మిడతలు లక్షల్లో ఉన్న చోట గద్దలను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

తలకిందుల లెక్క
సముద్రంలో మాత్రం తిండి కన్నా తినేవాళ్ల బరువే ఎక్కువ కావచ్చు! ఇంగ్లిష్ చానల్‌లో చదరపు మీటరుకు వృక్ష ప్లవకాలు (నీళ్లలో తేలే సూక్ష్మ మొక్కలు) 4 గ్రాములైతే, వాటి మీద బతికే జీవులు 21 గ్రాములని పాఠ్యపుస్తకాల లెక్క. కొట్టు చిన్నదైనా సరుకు పూటపూటకూ నిండుతుంటే బేరం పెద్దదే కదా. ఈ ప్లవకాలూ అంతే, తినేసినంత వేగంగా పుట్టుకొస్తాయి.

ఎడారి దుమ్ము, అడవికి ఎరువు
చాద్ దేశంలోని బోడెలే పల్లం ఒకనాటి సరస్సు అడుగు. అక్కడ లేచే దుమ్ము అట్లాంటిక్ సముద్రం దాటి అమెజాన్ అడవిలో రాలుతుంది. నాసా శాస్త్రవేత్తలు 2007-2013 మధ్య ఉపగ్రహ కొలతలను బట్టి వేసిన అంచనా ప్రకారం, సహారా దుమ్ముతో ఏటా అమెజాన్‌కు చేరే భాస్వరం సుమారు 22,000 టన్నులు. వానలకు, వరదలకు అక్కడి నేల పోగొట్టుకునేదీ దాదాపు అంతే.

పులికాట్ చేప, నేలపట్టు వరి
తిరుపతి జిల్లా నేలపట్టు చెరువులో కడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు కడతాయి. మేతకు పులికాట్ సరస్సు దాకా వెళ్లి, పిల్లలకు చేపలు మోసుకొస్తాయి. కొమ్మలు తెల్లబడేంతగా పడే రెట్టంతా చివరికి చెరువు నీళ్లలోనే కలుస్తుంది. ఆ నీరు పారిన పొలానికి వేరే ఎరువు పెద్దగా అక్కర్లేదని అక్కడి రైతుల మాట. సరస్సులోని చేపల నత్రజని, భాస్వరం ఆకాశమార్గాన వచ్చి వరి కంకిలో చేరుతున్నాయన్నమాట.

అగ్గిపుల్లతో నష్టం
కోతలయ్యాక గడ్డి తగలబెడితే అందులోని కర్బనం, నత్రజని చాలావరకు పొగలోనే పోతాయి. దాన్నే కలియదున్నితే, మట్టిలోని సూక్ష్మజీవులు కుళ్లబెట్టి తర్వాతి పంటకు అందిస్తాయి. జీలుగ, జనుము, పిల్లిపెసర అయితే ఇంకో మేలు కూడా చేస్తాయి. వాటి వేరు బుడిపెల్లోని బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది. పూత దశలో దున్నేస్తే అది నేలకు దక్కుతుంది. పొలం లేనివాళ్లు కూడా చేయగలిగింది ఒకటుంది: వాకిట్లో రాలిన ఆకులకు నిప్పు పెట్టకండి, పెరట్లో ఓ మూల గుంట తీసి అందులో వేయండి.