మంచం క్రింది సంగీతం

మీ యింట్లో మంచం క్రింద ఏమున్నదో ఈమధ్య ఎప్పుడైనా వంగి చూచారా? పాత చాప, చిల్లిపడ్డ బిందె, పెళ్ళినాటి ట్రంకుపెట్టె, ఇంతే గదా అంటారు. మేమూ అలాగే అనుకొని ఇరవై యేండ్లు ఆ మంచం మీద సుఖంగా నిద్రపోయినాము. మొన్న సంక్రాంతికి మా అక్క కొడుకు వచ్చి ఆ నిద్ర చెడగొట్టి పోయినాడు.

కుర్రవాడు మద్రాసులో ఇంజనీరింగు చదువుతున్నాడు. (1996లో ఆ పట్నానికి చెన్నై అని పేరు మారినా మన నోటికి ఇంకా మద్రాసే.) వానికి పాటలంటే ప్రాణం. ఏ పాటలని అడిగితే "అండర్‌గ్రౌండ్ రాక్, మామా" అన్నాడు.

"అంటే ఏమిరా? నేలమాళిగలో కూర్చొని పాడతారా?" అన్నాము.

"కాదు మామా. పెద్ద కంపెనీల అండ లేకుండా, రేడియోలో రాకుండా, కొద్దిమంది కట్టి కొద్దిమంది వినే పాట. చేతినుండి చేతికి పోతుంది."

న్యూయార్కులో వెల్వెట్ అండర్‌గ్రౌండ్ అనే బృందం 1967లో తమ మొదటి లాంగ్‌ప్లే రికార్డు తెచ్చినప్పుడు దానిని కొన్నవారు తక్కువేనట. తరువాత దానిని విని పాట కట్టడం నేర్చుకున్న బృందాలు మాత్రం ఎన్నో ఉన్నవట. మన దేశంలోనూ 1970, 1971 సంవత్సరాలలో ఒక సిగరెట్టు కంపెనీ 'సిమ్లా బీట్' పేరుతో పోటీలు పెట్టి, కుర్రకారు గిటారు బృందాల పాటలను రికార్డులుగా తెచ్చింది. ఇదంతా వాడు మాకు చెప్పి, కొత్తగా కొన్న యంత్రం మీద ఒక రికార్డు వేసి వినిపించినాడు. రెండు నిమిషాలు ఓపికగా విన్నాము. మరమగ్గాల షెడ్డు ప్రక్కన నిలబడినట్లున్నది. ఆ మాటే అన్నాము.

వాడు నొచ్చుకోలేదు. "మగ్గాల చప్పుడులో పుట్టి పెరిగినవాళ్ళు, మీకిది నచ్చకపోతే ఎట్లా మామా?" అన్నాడు. అదీ నిజమే. పళ్ళిపట్టు, పొదటూరుపేట, ఆర్.కె. పేట వైపు మన నేతవారి వీధులలో మగ్గం మోతకు మించి రేడియో పెట్టుకొని పాట వినడం మనకు అలవాటే. చప్పుడులోనుండి పాటను ఏరుకోవడం మన చెవులకు ఎవరూ నేర్పనక్కరలేదు.

ఆ మాటల మీదనే వాడు, "తాత రికార్డులు ఏమైనాయి మామా?" అని అడిగినాడు. మంచం క్రింద ట్రంకుపెట్టె బయటికి వచ్చినది.

మూత తీయగానే పాత కాగితం వాసన. అట్టకవర్లలో నలభైకి పైగా రికార్డులు. చాలావరకు నిమిషానికి 78 చుట్లు తిరిగే నల్లని బరువైన పళ్ళెములు. వాటి క్రింద గుడ్డలో చుట్టిన సినిమా పాటల పుస్తకాలు. గ్రామఫోను పెట్టె మాత్రం మా చిన్ననాడే స్ప్రింగు తెగి, ఇంటినుండి వెళ్ళిపోయినది.

ఈ పళ్ళెముల సంగతి నేటి పిల్లలకు కొంచెం చెప్పవలె. మన దేశంలో మొదటి గ్రామఫోను రికార్డింగులు 1902లో కలకత్తాలో జరిగినవి. ఇంగ్లండునుండి వచ్చిన గైస్‌బర్గ్ అనే ఆయన గౌహర్ జాన్ గానాన్ని పట్టినాడు. రికార్డు చేయడానికి ముఖ్యమైన సరుకు లక్క. పురుగు పెట్టే ఆ లక్క మన అడవులనుండే ప్రపంచమంతటికీ పోయేది. పది అంగుళాల పళ్ళెం మీద ఒక్కో ప్రక్కకు మూడు నిమిషాలు, మహా అయితే మూడున్నర. ఎంత పెద్ద విద్వాంసుడైనా రాగం తీసి, పద్యం పాడి, మంగళం పలకడం ఆ మూడు నిమిషాలలోనే. అందుకే నాటకాల సెట్టులో కథ మంచి పట్టులో ఉండగా పాట ఆగేది. ఎవరో ఒకరు లేచి రికార్డు తిరగవేసి, కీ ఇచ్చి, కొత్త సూది బిగించవలసినదే. ఉక్కు సూది ఒక ప్రక్కకు ఒకటి చొప్పున మార్చవలెనని నియమం. మన పెద్దలు పొదుపరులు. ఒకే సూదితో పది ప్రక్కలు లాగించేవారు. ఆ పొదుపు గీతలు నేటికీ రికార్డుల మీద కనపడుతున్నవి.

పడమటి దేశాలలో 1948లో లాంగ్‌ప్లే, 1949లో 45 చుట్ల చిన్న రికార్డు వచ్చిన తరువాత 78 రికార్డు త్వరలోనే మూలబడ్డది. మన దేశంలో కరెంటు లేని ఊళ్ళలో కీ ఇచ్చే పెట్టెలే ఉండుటచేత, 1970 ప్రాంతం వరకు అవి తయారవుతూనే ఉన్నవి. చిత్రమేమంటే, ఇంగ్లండు బీటిల్స్ పాటలు కూడ మన దేశంలో 78 రికార్డులుగా అచ్చయినవి. ఆ మాట చెప్పినప్పుడు మా మేనల్లుని కండ్లు మెరిసినవి. అటువంటి పళ్ళెం ఒకటి మన పెట్టెలో ఉంటుందేమోనని అడుగుదాకా వెదకినాడు. లేదు. ఉన్నవి హరిశ్చంద్ర పద్యాలు, కృష్ణుని రాయబారం, త్యాగరాయ కీర్తనలు, 'మల్లీశ్వరి', 'దేవదాసు', 'మాయాబజార్' పాటలు, కరుణశ్రీగారి 'పుష్పవిలాపం' ఘంటసాలవారి గొంతులో.

ఇక్కడ మా అవ్వను గురించి ఒక్క మాట. ఆమెకు అక్షరం రాదు. కాని హరిశ్చంద్రలో కాటిసీను పద్యాలు ఒక్కటి తప్పకుండా అప్పజెప్పేది. ఏ పండితుడూ నేర్పలేదు. కుక్కబొమ్మ రికార్డు నేర్పినది. రికార్డులో గాయకుడు ఎక్కడ ఊపిరి పీల్చుకున్నాడో ఆమె కూడ అక్కడే పీల్చేది. ఒకచోట రికార్డు గీత పడి ఒక ముక్క రెండుసార్లు పలికేది. ఆమె కూడ దానిని రెండుసార్లే పాడేది. అది పద్యంలో భాగమనే అనుకున్నది పాపం!

మన ప్రాంతపు చరిత్ర మీకు తెలియనిది కాదు. 'దేవదాసు' వచ్చిన 1953లోనే అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినది. అప్పుడు తిరుత్తణి చిత్తూరు జిల్లాలో ఉన్నది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకాలో చాలా భాగం, పళ్ళిపట్టు ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో కలిసినవి. బదులుగా చెంగల్పట్టు, సేలం జిల్లాలనుండి కొన్ని గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌కు పోయినవి. 1997లో తిరువళ్ళూరు మనకు జిల్లా కేంద్రమైనది. గీతలు కాగితం మీద మారినవి. పాటలకు మాత్రం ఆ గీతలు తెలియవు. 'దేవదాసు', 'మాయాబజార్' రెండూ తెలుగులోనూ తమిళంలోనూ వచ్చిన చిత్రాలు. రెండు భాషలలోనూ ఘంటసాలవారు పాడినారు. మా వీధిలో ఒక పెళ్ళిపందిరిలో మైకుసెట్టువాడు తెలుగు రికార్డు వేస్తే, ఎదుటి పందిరిలో అదే వరుస తమిళంలో వచ్చేదని మా నాయన చెప్పేవారు. ఎవరి పందిరివారు వారి మాటలతో పాడుకొనేవారు; వరుస ఒక్కటే గనుక తాళం తప్పేది కాదట. ఈ కొండ మీదనే గదా ముత్తుస్వామి దీక్షితులవారు స్వామి ప్రసాదంగా పటికబెల్లం అందుకొని, మాయామాళవగౌళలో తమ తొలి కృతిని సంస్కృతంలో పాడినారని పెద్దలు చెప్పేది! భాష ఏదని సుబ్రహ్మణ్యస్వామి అడగలేదు.

అయితే పాట నిలిచినంత సులువుగా అక్షరం నిలవలేదు. మేము చదివినది తమిళం, ఇంగ్లీషు. తమిళనాడు బడులలో తమిళం తప్పనిసరి అని 2006లో చట్టం వచ్చినది. ఉన్న ఊరి భాష నేర్వవలసినదే. అందులో తప్పు పట్టవలసినది లేదు. ఆ భాషలోనే మేము ఆఫీసులో ఫైళ్ళు వ్రాసి అన్నం తింటున్నాము. కాని తెలుగు చదవడం, వ్రాయడం చాలా ఇండ్లలో ఇంటిపని అయి, తరువాత ఎవరిపనీ కాకుండా పోయినది.

మరి మాకు తెలుగు అక్షరాలు ఎట్లా వచ్చినవి? ఆ గుడ్డలో చుట్టిన పాటల పుస్తకాలు చూచినప్పుడు గుర్తుకు వచ్చినది. అప్పటికి ఇంట్లో టేపు రికార్డరు వచ్చినది. మా నాయన పాత పాటల క్యాసెట్టు వేసి, పాటల పుస్తకం మా ఒళ్ళో పెట్టి, పాట నడిచినకొద్దీ మా వ్రేలు పట్టుకొని అచ్చు క్రింద నడిపించేవారు. చెవికి ముందే తెలిసిన మాట గనుక, కన్ను దానిని అందుకొనేది. పల్లవి మళ్ళీ మళ్ళీ వస్తుంది గదా, అవే అక్షరాలు మళ్ళీ మళ్ళీ. పెద్దబాలశిక్ష పట్టుకొంటే పారిపోయేవాళ్ళము, సావిత్రి బొమ్మ ఉన్న పాటల పుస్తకానికి చిక్కినాము.

సరే, రికార్డులు దొరికినవి, పలికించడం ఎట్లా? మేనల్లుని యంత్రానికి 33, 45 చుట్లే తెలుసు. పైగా వాడొక సంగతి చెప్పినాడు: 78 రికార్డు గాడి వెడల్పు, లాంగ్‌ప్లే గాడికోసం చేసిన సన్నని సూది అందులో అడుగున దొర్లి గరగరమంటుంది. దానికి వేరే లావు సూది వేయవలెనట. వాడు పట్నం వెళ్ళి, 78 చుట్లు తిరిగే యంత్రం, తగిన సూది సంపాదించి మళ్ళీ వచ్చినాడు. ఈలోగా రికార్డులు తుడవడం మా వంతు. తుడిచేవారికి ఒక హెచ్చరిక: లక్క రికార్డుల మీద స్పిరిటు పోయరాదు, లక్క కరిగి పాట పోతుంది. చల్లని నీటిలో చుక్క సబ్బు వేసి, మెత్తని గుడ్డతో గాడివెంట తుడిచి, నడిమి చీటీ తడవకుండా నీడలో ఆరబెట్టవలె. ఒకదానిమీద ఒకటి పేర్చక, పుస్తకాలవలె నిలువుగా పెట్టవలె.

ఒక ఆదివారం సాయంకాలం అందరము కూర్చున్నాము. మొదట వేసినది హరిశ్చంద్ర. వాన చినుకుల వంటి చిటపట, ఆ వెనుక పద్యం. గీత పడినచోట ఆ ముక్క రెండుసార్లు పలికినది. అవ్వ పోయి పదునెనిమిదేండ్లు. ఎవరమూ మాట్లాడలేదు.

పద్యం ముగిసినాక మేనల్లుడు మెల్లగా, "ఇదీ అండర్‌గ్రౌండే మామా. రేడియోలో లేదు, అంగట్లో లేదు, కొద్దిమందే వింటారు, మంచం క్రింద దాక్కొని ఉన్నది" అన్నాడు. నవ్వినాము గాని, ఆ మాట గుండెలో గుచ్చుకొన్నది. న్యూయార్కు రికార్డును కొన్న ఆ కొద్దిమంది దానిని దాచుకొని, ఇతరులకు వినిపించినారు, అందుకే బ్రతికినది. మనమో, దాచుకొన్నాముగాని వినిపించలేదు.

దాచుకొననివారి సంగతి మరీ అన్యాయం. మేమెరిగిన ఒక ఇంట్లో ఇల్లు మార్చేటప్పుడు పాత సామాన్లవానిని పిలిచినారు. వాడు గ్రామఫోను పెట్టెకు, ఇత్తడి గొట్టానికి వెలకట్టి తీసుకొని, "ఇవి కరిగించినా ఏమీ రాదు" అని రికార్డులను గుమ్మం ముందే వదలి పోయినాడు. వీధిపిల్లలు వాటిని విసరి ఆడుకొన్నారు. మేము ఆఫీసునుండి వచ్చేసరికి వాకిట్లో నల్లని పెంకులు. ఏ గొంతులు పోయినవో చదువుదామంటే, చీటీలు కూడ ముక్కలే.

ఇక మా ఇంటి సంగతితో ముగిస్తాము. మా చిన్నదానికి పదేండ్లు. తెలుగు గలగల మాట్లాడుతుంది, చదవలేదు. ఆ సాయంకాలం 'దేవదాసు' రికార్డు వేసినప్పుడు పాటల పుస్తకం దాని ఒళ్ళో పెట్టి, వ్రేలు పట్టుకొని నడిపించినాము. మొదటిసారి నవ్వినది. రెండవసారి విసుగుకొన్నది. ఆరవసారి వేసినప్పుడు, పాట సంగతి వదలి, క్రింద గాయకుని పేరు దగ్గర వ్రేలు ఆపి, "నాయనా, ఇది ఘం... ఘంటసాల, కదా?" అన్నది. పెద్దబాలశిక్షలో పిల్లలు జడుసుకొనే ఆ 'ఘ'తోనే మా పిల్ల అక్షరాభ్యాసం మొదలైనది. ఇప్పటికి పదునాలుగు అక్షరాలు వచ్చినవి. తక్కినవి రావలసి ఉన్నవి. రికార్డులు ఇంకా ముప్పైకి పైగా ఉన్నవి.

కాబట్టి మన సంఘంలోని సోదరీసోదరులకు మా మనవి ఒక్కటే. ఈ ఆదివారం ఒకసారి వంగి మంచం క్రింద చూడండి. అటక మీద చూడండి. దొరికినవి తుడిచి, చీటీల మీది పేర్లు ఒక కాగితం మీద వ్రాసి పెట్టండి. సూది, యంత్రం లేనివారు మా ఇంటికి తీసుకొని రావచ్చును. మేనల్లుడు యంత్రాన్ని ఇక్కడే వదలి వెళ్ళినాడు. వచ్చేటప్పుడు పిల్లలను వెంటబెట్టుకొని రండి. పాటల పుస్తకం ఉంటే మరువకండి.