లంకణం పనికిరాని జ్వరం

వేల్పూర్ చుట్టుపక్కల పొలాల్లో ఎర్రజొన్న, మక్క, పసుపు. ఇళ్లలో రొట్టె, గట్క. యాభై గ్రాముల జొన్నపిండితో చేసిన ఒక్క రొట్టెలో లూసిన్ అనే అమైనో ఆమ్లం దాదాపు 600 మిల్లీగ్రాములుంటుంది. అంతే బియ్యంలో అందులో సగమే. మనకిది పట్టించుకోవలసిన లెక్క కాదు. మేపుల్ సిరప్ యూరిన్ వ్యాధి తీవ్రంగా ఉన్న పిల్లల్లో చాలామందికి మాత్రం రోజు మొత్తానికి చెల్లే లూసిన్ ఆ ఒక్క రొట్టెతో అయిపోతుంది.

1954లో అమెరికా వైద్యుడు జాన్ మెంకీస్ ఒకే ఇంట్లో నలుగురు పసికందులు చనిపోయిన వైనం రాశారు. వాళ్ల మూత్రం మేపుల్ చెట్టు పాకంలా వాసన వచ్చేది. బోధన్ చెరకు రైతైతే బెల్లం పాకం అనేవాడేమో. కానీ వాసనను నమ్ముకోలేం. కాన్పుకు ముందు తల్లి మెంతులు తిన్నా బిడ్డ మూత్రం అలాగే వాసన రావచ్చు. రక్తపరీక్షే తేల్చాలి, అదీ త్వరగా.

లూసిన్, ఐసోలూసిన్, వాలిన్ అనే మూడు అమైనో ఆమ్లాలను విడగొట్టే ఎంజైమ్ ఈ పిల్లల్లో సరిగా పనిచేయదు. పుట్టినప్పుడు బాగానే ఉన్న బిడ్డ వారం తిరక్కముందే పాలు మానేసి మగతలోకి జారుతుంది. పేరుకున్న లూసిన్ మెదడు వాపు తెస్తుంది. లోపమున్న జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండువైపులా రావాలి కనుక మేనరికాల్లో ముప్పు ఎక్కువ.

ఈ పిల్లలకు మాంసకృత్తుల బదులు ఇచ్చేది ఒక పొడి. ఆ మూడూ తప్ప మిగతా అమైనో ఆమ్లాలు, విటమిన్లు, ఖనిజాలు అందులో ఉంటాయి. చేదు, పైగా ఘాటు వాసన. రోజుకు మూడు నాలుగుసార్లు తాగించాలి. అలాగని లూసిన్ పూర్తిగా మానేస్తే బిడ్డ ఎదగదు, ఒంట్లో అది తయారుకాదు మరి. అందుకే అన్నం, పాలు తూచి పెడతారు. కడుపు నింపడానికి సగ్గుబియ్యం జావ నయం, అందులో మాంసకృత్తులు లేనట్టే. 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానం ఈ పొడి తిండినే చికిత్సగా గుర్తించింది. ఆలస్యంగానైనా మంచిపని. హైదరాబాద్ నిమ్స్ ఆ విధానం కింద ఎంపికైన కేంద్రాల్లో ఒకటి.

అసలు గండం జ్వరంతో వస్తుంది. లంకణం పరమౌషధమని పెద్దలు పస్తు పెడితే ఒళ్లు తన కండనే కరిగించుకుంటుంది, ఆ కండలోని లూసిన్ రక్తంలోకి దిగుతుంది. అన్నం, పాలు ఆపాలి గానీ పొడి ఆపకూడదు. డాక్టరు రాసిచ్చిన కొలతలో గ్లూకోజ్ నీళ్లు రాత్రి కూడా లేపి పట్టాలి. వాంతులై అదీ నిలవకపోతే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.