నపుంసకుడు: ఒక మాట, నాలుగు అర్థాలు

మంత్రపురి అని పేరున్న మా మంథనిలో వ్యాకరణం తెలిసిన పండితులకు కొదవ లేదు. రాయీ చెట్టూ నపుంసకలింగమని బడిపిల్లలు కూడా చెబుతారు. అదే మాటను మనిషికి తగిలిస్తే మాత్రం నలుగురూ నాలుగు అర్థాలు చెబుతారు. ఆ నాలుగూ వేర్వేరు సంగతులు. వాటిని కలగలిపితే ప్రాణానికే ముప్పు రావచ్చు.

మొదటిది అంగస్తంభన లోపం. మధుమేహం, రక్తపుపోటు, పొగతాగడం, కొన్ని మందులు, మనోవేదన దీనికి కారణాలు. కొందరిలో గుండెజబ్బుకు ఇదే తొలి హెచ్చరిక. గోడమీది ప్రకటనలు చూసి లేహ్యాలు కొనకండి. ముందు చక్కెర, రక్తపుపోటు పరీక్షలు చేయించుకోండి.

రెండవది సంతానం లేకపోవడం. దాంపత్యంలో ఏ లోపమూ లేని పురుషుడికి కూడా వీర్యకణాలు తక్కువగా ఉండవచ్చు. పిల్లలు లేని జంటల్లో సుమారు సగంమందిలో భర్త వైపు కూడా కారణం ఉంటుంది. కాబట్టి భార్యను 'గొడ్రాలు' అనకండి. భర్తకు వీర్యపరీక్ష చేయించండి.

మూడవది, పుట్టిన బిడ్డ ఆడో మగో అవయవాలు చూసి చెప్పలేకపోవడం. నలుగురికీ తెలుస్తుందని దీన్ని దాచకండి. అడ్రినల్ గ్రంథి లోపం వల్ల ఇలా పుట్టిన బిడ్డలు కొందరికి మొదటి రెండు మూడు వారాల్లోనే ఒంట్లో ఉప్పు తగ్గి, వాంతులై, ప్రాణం మీదికి వస్తుంది. సకాలంలో గుర్తిస్తే రోజూ మందు వాడుతూ అందరిలా బతుకుతారు. ఆలస్యం చేయక పిల్లల వైద్యులున్న పెద్దాసుపత్రికి తీసుకుపోండి.

నాలుగవది, మగబిడ్డగా పుట్టినా తాను స్త్రీననే భావన మనసులో స్థిరంగా ఉండటం, లేదా ఆడబిడ్డగా పుట్టి పురుషుణ్ణనే భావన ఉండటం. ఇది జబ్బు కాదు. 2019లో ఆమోదించిన వ్యాధుల జాబితాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని మానసిక రోగాల నుంచి తొలగించింది. తాయెత్తు కట్టినా, పెళ్ళి చేసినా ఇది మారదు.

ఈ గందరగోళం చట్టంలోనూ ఉండేది. నిజాం కాలంలో, 1329 ఫసలీలో (1919) వచ్చిన చట్టం, పుంస్త్వం లేదని ఒప్పుకున్నవాణ్ణీ, వైద్యపరీక్షలో అలా తేలినవాణ్ణీ నపుంసకుడంది. రిజిస్టరుకెక్కినవారు ఆడవేషంలో వీధిలో కనబడితే వారంటు లేకుండానే పట్టుకోవచ్చంది. ఎవరి లింగం వారే చెప్పుకోవచ్చని 2014లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. తెలంగాణ హైకోర్టు 2023 జూలైలో ఆ పాత చట్టాన్ని కొట్టివేసింది.

మొదటి మూడింటికీ పరీక్షలున్నాయి, చికిత్స ఉంది. సంకోచించక డాక్టరుకు చెప్పండి. నాలుగవవారు ఏ జ్వరంతోనో ఆసుపత్రికి వస్తే, వెకిలిగా చూడక, వరసలో మీ పక్కన నిలబడనివ్వండి.