దారిలో పదునెక్కే చప్పుడు

నాయుడుపేట నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం రెండు నెలలుగా నా బల్ల మీదే ఉంది. పిల్లల్ని వెంటబెట్టుకుని శ్రీహరికోట గ్యాలరీకి వెళ్లారట. "మంట కనపడ్డాక చాలాసేపు చప్పుడే లేదు. తర్వాత వచ్చింది కూడా ఉరుములా లేదు. మంగలంలో పేలాలు వేగుతున్నట్టు పెటపెటమంది. ఇంటికొచ్చి ఫోన్లో వింటే ఉత్త గాలి హోరు. ఎందుకండీ?" ఇదీ ప్రశ్న.

మొదటి సగానికి జవాబు చెరువు అవతలి రేవులో బట్టలుతకడం చూసినవాళ్లందరికీ తెలుసు. బట్ట బండ మీద పడటం ముందు కనిపిస్తుంది, దెబ్బ తర్వాత వినిపిస్తుంది. మన కోస్తా వేడిలో శబ్దం సెకనుకు దాదాపు 350 మీటర్లు పోతుంది. కిలోమీటరుకు మూడు సెకన్లు లెక్కేసుకోండి, సరిపోతుంది. నన్ను వదలనిది ఆ పెటపెట.

ఇస్రో రాకెట్టు ఎల్‌వీఎం3 నేల విడిచేటప్పుడు మండేవి పక్కనున్న రెండు ఘన ఇంధన బూస్టర్లే. ఒక్కోదానిలో 200 టన్నులకు పైగా ఇంధనం. (నడుమ ఉన్న ద్రవ ఇంజన్లు అంటుకునేది రెండు నిమిషాలు కావస్తుండగా, ఆకాశంలో. మూడూ ఒకేసారి మండుతాయనుకునేవారు నాకు తరచూ ఎదురవుతారు.) వాటి నుంచి సెకనుకు రెండు కిలోమీటర్లకు మించిన వేగంతో తన్నుకొచ్చే వాయువు కదలని గాలిని ఒరుసుకుని సుడులు తిరుగుతుంది. ఆ సుడులు కూడా బయటి గాలిలో శబ్దం కంటే వేగంగా పోతాయి. పులికాట్‌లో మోటారు పడవ వెనక అలలు చీలినట్టు, ఆ సుడుల వెంట శబ్ద తరంగాలు చీలి బయటికొస్తాయి.

అసలు కథ ఆ తర్వాత, దారిలో జరుగుతుంది. శబ్దమంటే గాలి నొక్కుకోవడం, సడలడం. మామూలు మాటల్లో ఈ హెచ్చుతగ్గులు ఎంత స్వల్పమంటే, తరంగంలోని అన్ని భాగాలూ ఒకే వేగంతో నడుస్తాయనుకోవచ్చు. రాకెట్టు విషయంలో అలా కుదరదు. నొక్కుకున్న చోట గాలి కాస్త వేడెక్కుతుంది, వేడి గాలిలో శబ్దం వేగం పెరుగుతుంది. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. నిజానికి వేడి వాటా ఆరింట ఒక వంతే. మిగతా అయిదు వంతులూ ఎక్కడివంటే, నొక్కుకున్న చోట గాలే ముందుకు కదులుతూ ఉంటుంది, తరంగం దాని భుజాలెక్కి పోతుంది. వాతావరణ పీడనం సుమారు లక్ష పాస్కల్‌లు. తరంగం శిఖరం దగ్గర దానికి ఇంకో 600 చేరాయనుకోండి. ఆ శిఖరం మిగతా తరంగం కంటే సెకనుకు 1.7 మీటర్లకు పైగా ముందుకు జరుగుతుంది. లోయలేమో వెనకబడతాయి. దూరం పోయేకొద్దీ శబ్దం పలచబడి ఈ పరుగు మందగిస్తుంది కానీ, అప్పటికే తరంగం ముందు భాగం నిట్టనిలువు గోడలా తయారవుతుంది. మైపాడు ఒడ్డున అల తల ముందుకు తోసుకొచ్చి పడిపోతుంది కదా, ఈ అలకు ఆ వీలు లేదు. గోడలాగే వచ్చి చెవికి తగులుతుంది. ఒక గోడకు ఒక 'పెట్'. రంపం పళ్లలా వరసగా వస్తే పెటపెట.

ఈ గోడను ముందుగా లెక్కల్లో చూసినవారిలో కేంబ్రిడ్జి ఆచార్యుడు జార్జ్ స్టోక్స్ ఒకరు. 1848లో, రాకెట్ల ఊసే లేని రోజుల్లో, తరంగం నిటారై చివరికి తెగుతుందని రాశారు. తర్వాత కెల్విన్, రాలీ వంటి ఉద్దండులు అభ్యంతరం చెప్పారు: ఆ తెగినచోట శక్తి లెక్క తేలడం లేదే! స్టోక్స్ ఒప్పేసుకున్నారు. తన వ్యాసాల సంపుటిని 1880లలో అచ్చు వేయించినప్పుడు ఆ భాగాన్ని తీసేశారు. తేలని ఆ శక్తి గోడ దగ్గర వేడిగా మారిపోతుంది, అంతే. ఒప్పు చేసి తప్పని ఒప్పుకున్న ఆ పెద్దమనిషిని తలుచుకున్నప్పుడల్లా నాకు ఉసూరుమంటుంది.

ఇరవయ్యో శతాబ్దంలోనూ పొరపాట్లు ఆగలేదు. 1975లో ధ్వని శాస్త్రవేత్త ఫౌక్స్ విలియమ్స్ బృందం జెట్ ఇంజన్ల పెటపెటను కొలవడానికి ఒక కొలబద్ద ఇచ్చింది: శిఖరాలు ఎత్తుగా, లోయలు లోతు తక్కువగా ఉంటే పెటపెట ఉన్నట్టే. దాన్నే అందరూ చాలాకాలం వాడారు. 2007లో మరో ధ్వని శాస్త్రవేత్త కెంట్ గీ బృందం అవే ఎత్తు శిఖరాలూ, లోతు తక్కువ లోయలూ ఉన్న కృత్రిమ శబ్దాన్ని తయారుచేసి వింటే, పెటపెట లేదు! చెవికి కావాల్సింది శిఖరం ఎత్తు కాదు, పీడనం ఎంత చటుక్కున ఎగబాకిందన్నది.

ఫోన్ ఓడిపోయేది సరిగ్గా అక్కడే. దాని బుల్లి మైకు పెద్ద చప్పుడు రాగానే అన్నిటినీ ఒకే మట్టానికి తొక్కేస్తుంది. గోడల అంచులు అరిగిపోతాయి. గుండెల్లో అదిరే అడుగు స్థాయి శబ్దాన్ని దాని స్పీకరు పుట్టించనే లేదు.

దిగే రాకెట్టుది మరో తమాషా. 2015 డిసెంబరులో ఫాల్కన్ 9 మొదటి దశ ఫ్లోరిడాలో తొలిసారి నేల మీద నిలబడినప్పుడు, బయటికొచ్చి చూస్తున్న ఎలాన్ మస్క్ అది పేలిపోయిందనుకున్నారు. ఆయన విన్నది, పైన ఉండగా ధ్వని వేగాన్ని మించి వస్తూ అది పుట్టించిన ఢాం. ఆ ఢాం నింపాదిగా నడిచి ఇంచుమించు రాకెట్టు కాళ్లూనే వేళకు చేరింది. సొంత రాకెట్టు చప్పుడు సొంతదారుకే బోధపడలేదు.

ఇవన్నీ ఎందుకు పనికొస్తాయని అడిగేవారు ఎప్పుడూ ఉంటారు, చెబుతాను. ప్రయోగ వేదికల మీద నీళ్లు కుమ్మరించేది మంట ఆర్పడానికని చాలామంది అనుకుంటారు. ముఖ్యమైన పని శబ్దాన్ని మింగడం. 1981లో అమెరికా స్పేస్ షటిల్ తొలి ప్రయాణంలో బూస్టర్లు అంటుకున్నప్పటి పీడన తరంగం అనుకున్నదానికంటే బలంగా తగిలింది. దాంతో నీటి ఏర్పాటునే మార్చాల్సి వచ్చింది. చాలా?

అమ్మా, ఈసారి వెళ్లినప్పుడు ఒక్కటి చూడండి. రాకెట్టు మబ్బులో దూరగానే అందరూ లేచి బస్సుల వైపు నడుస్తారు. మీరు కూర్చోండి. వేదిక మీద ఉన్నంతసేపూ మంటను కింది కందకం పక్కకు మళ్లిస్తుంది. పైగా రాకెట్టు శబ్దం అన్ని వైపులకూ ఒకేలా పోదు, మంట దిశకు ఏటవాలుగా ఎక్కువ పోతుంది. అందుకే అది తలెత్తి చూడాల్సినంత పైకి చేరాక వెలువడిన చప్పుడే గట్టిగా తగులుతుంది. అది కూడా నడిచి రావాలి కదా, కొన్ని సెకన్లు పడుతుంది.