గోడమీది పూలతీగలు – కత్తిరింపు

ఆరణి నది చెంతనున్న మన పెరియపాళయమున, ప్రహరీగోడలపై తరచుగా కానవచ్చునవి మల్లె, జాజి, రాధామనోహరము, కాగితపు పూలతీగ. భవానీ అమ్మవారి పూజకును, ఆడపిల్లల జడలకును పూలు కావలయునని మనము వీనిని పెంచుచుందుము. కాని పచ్చని తీగపై కత్తెర వేయుటకు చేయిరాదు. ‘‘పెరుగుచున్న దానిని కోయుట యెందుకు?’’ అని తల్లులు మమ్ము అడుగుచుందురు. అందులకు సమాధానముగా ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

కొమ్మ కొననున్న చిగురులో ఆక్సిన్ అను పదార్థము పుట్టి క్రిందికి దిగుచుండును. అది ప్రక్క కణుపులను మేల్కొననీయదు. అందుచేత తీగ పైపైకి ప్రాకును; మొదలు మోడుగా మిగులును. కొనను కత్తిరించినచో ఆ యడ్డు తొలగి కణుపు కణుపునను చిగుళ్లు పుట్టును. పైన చెప్పిన తీగలన్నియు ముఖ్యముగా క్రొత్త చిగుళ్లయందే పూయును గనుక, కత్తిరింపు వలన పూత పెరుగునే కాని తరుగదు.

అయినను కాలమెరిగి కోయవలెను. తమిళనాట తోటలు వేయువారు మల్లెను నవంబరు చివరి వారమున నేలనుండి 50 సెంటీమీటర్ల యెత్తునను, తమిళులు జాతిమల్లి యని పిలుచు మన జాజిని జనవరి చివరి వారమున 45 సెంటీమీటర్ల యెత్తునను కత్తిరింతురు. ఇవి పొదల కొలతలు. గోడకు ప్రాకించిన తీగకైనచో ముఖ్యమైన కాండములను నిలిపి, ప్రక్కకొమ్మలను రెండు మూడు కణుపులుంచి కోసిన చాలును. పిమ్మట పశువుల యెరువు వేసి నీరు పెట్టవలెను.

కాగితపు పూలతీగ మన దేశపుది కాదు. 1767లో ఫ్రెంచి నావికుడు బూగన్‌విల్ నౌకాయాత్రలో పాల్గొనిన కామెర్సన్ అను శాస్త్రజ్ఞుడు బ్రెజిల్‌లో దీనిని కనుగొనెను. మనము పూరేకులనుకొనునవి రంగు పట్టిన ఆకులే. వాని నడుమనున్న చిన్న తెల్లని గొట్టమే పువ్వు. దీనిని, రాధామనోహరమును ఒక విడత పూత ముగిసిన వెంటనే కోయవలెను.

పూలకంటె ముఖ్యమైన విషయము వేరొకటి కలదు. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు మనకు ఈశాన్య ఋతుపవనముల కాలము. 2016 డిసెంబరు 12న వర్దా తుపాను చెన్నై చెంత తీరము దాటినపుడు వేలకొలది చెట్లు కూలినవి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను మన జిల్లాను ముంచెత్తినది. దట్టమైన తీగ గాలికి తెరచాపవలె నిలుచును. వానకు తడిసి బరువెక్కును. దాని క్రింద గోడ బీటలు వారినను కంటబడదు. ఆ గోడ ప్రక్కనే మన పిల్లలు బడికి నడచుచుందురు. కావున సెప్టెంబరులోనే వీధివైపు వ్రేలాడు గుబురును పలుచన చేసి, గోడను పరీక్షింపవలెను.

కోయుటకు ముందు కర్రతో పొదను కదల్చి చూడుడు, పాములుండవచ్చును. ముండ్లుండును గనుక ఈ పని పెద్దలే చేయవలెను. పదునైన కత్తెరతో, కణుపునకు కొంచెము పైన, ఏటవాలుగా కోయుడు. ముదురు తీగలో ఒకేసారి మూడవ వంతుకు మించి తీయరాదు.

కోసిన జాజి కొమ్మలలో పెన్సిలు లావు వానిని జానెడు ముక్కలుగా చేసి, తడి యిసుకలో పిల్లలచేత నాటింపుడు. ఏ కణుపు ముందుగా చిగిర్చునో వారే చూచి మాకు చెప్పుదురు.